ఆగకూడని బండి

పొద్దుతిరుగుడు పూతకు ఇంకా రెండు వారాలు ఉందనగా నాన్న వ్యాను ఇంజను పోయింది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి, చాలాసేపు చూసి, మళ్లీ దించాడు. "దీంతో ఇంక పెనుగులాడొద్దు పెద్దాయనా. పాత ఇనుము కింద ఇచ్చేయండి" అన్నాడు. నాన్న అతనికి కాఫీ ఇప్పించి పంపాడు. తర్వాత వ్యానులో డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అమ్మ భోజనానికి పిలిచేదాకా దిగలేదు.

ఆ వ్యానులో మా ఈగలు ప్రయాణం చేసేవి. తేనెటీగల్ని మా ఇంట్లో ఈగలనే అంటాం. మా చుట్టుపక్కల తోటల్లో పూత వేసవి మొదట్లోనే అయిపోతుంది. ఆ తర్వాత ఇక్కడ వాటికి తిండి లేదు. కొండలకు అవతల, అయిదారు గంటల ప్రయాణం చేస్తే, పొద్దుతిరుగుడు చేలు అప్పుడే విచ్చుకుంటాయి. పెట్టెల్ని అక్కడికి చేరిస్తే తేనె. చేర్చకపోతే ఈగలు దాచుకున్నది అవే తింటాయి. అదీ అయిపోయాక ఒక్కో పెట్టె ఖాళీ అవుతుంది.

నాన్నకు ఒకటే నియమం ఉండేది. ఈగలు బండిలో ఉంటే బండి ఆగకూడదు. కదిలే బండిలో పెట్టెలకు గాలి తగులుతుంది. ఆగితే తగలదు. లోపల వేడెక్కుతుంది, ఈగలు కంగారుపడతాయి, కంగారుపడితే ఇంకా వేడెక్కుతుంది, మైనం మెత్తబడి తేనెపట్టు జారుతుంది. జారిన పట్టు కింద రాణి నలిగితే ఆ పెట్టె పోయినట్టే. అందుకని నాన్న ముందురోజే ట్యాంకు నింపి, ఇంకో డబ్బా పెట్రోలు వెనక పెట్టుకుని, తెల్లవారకముందే బయల్దేరి, చేను గట్టు మీదే బ్రేకు వేసేవాడు. పెళ్లయిన కొత్తలో అమ్మ ఒకసారి ఆయన వెంట వెళ్లింది. "నడుం వాలుస్తానండీ, ఒక్క క్షణం ఆపండి అంటే, చేలో వాల్చుదువుగానిలే అన్నారు" అని ఇప్పటికీ చెబుతుంది. మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.

ఇంట్లో ఉన్న రెండో బండి అక్కది. కరెంటు కారు. అక్క, బావ మా ఇంట్లోనే పై వాటాలో ఉండేవారు. బావ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. నాన్నకు నడుం పట్టేసిన దగ్గర్నుంచి పెట్టెలు తెరిచేది, పట్టు ఉండే చట్రాలు ఎత్తి చూసేది, రాణిని వెతికేది అక్కే. సీసాలకెత్తిన తేనెను కారులో దుకాణాలకు చేర్చేదీ తనే. పూతకు తీసుకెళ్లే పని మాత్రం నాన్నది. నేను ఒక ఉద్యోగం వదిలేసి ఇంకోటి దొరక్క ఆ ఏడాది ఇంట్లో ఉన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు.

"టోపీ ఆయనకు ఫోన్ చేశాను."

టోపీ ఆయన అంటే మాకు తెలిసిన తేనె వ్యాపారి. ఆయనకు వందల పెట్టెలు, సొంత లారీ ఉన్నాయి. మా పెట్టెలు కొంటానని ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాడు.

"పూతకు ముందే వచ్చి తీసుకెళ్తానన్నాడు. నా నడుమూ అయిపోయింది, బండీ అయిపోయింది. ఆయన దగ్గరైనా బతుకుతాయి."

అక్క తినడం ఆపింది. "నన్ను అడగలేదు."

"నిన్నేం అడగాలమ్మా?"

"పెట్టెలు తెరిచేది నేను."

"తెరుస్తావు. తీసుకెళ్లేదెవరు?"

"నా కారు లేదా?"

నాన్న నవ్వాడు. వ్యాను ఆగిపోయాక అదే మొదటిసారి. "ఇంట్లోంచి వైరు లాగుతూ వెళ్దామా?"

"వెనక కొక్కెం ఉంది మామయ్యా. ట్రెయిలరు తగిలించొచ్చు" అన్నాడు బావ.

"అల్లుడుగారూ, పెట్రోలు అయిపోతే డబ్బాలోంచి పోస్తాను. కరెంటు అయిపోతే మీరు దేంట్లోంచి పోస్తారు?"

"అయిపోకుండా లెక్కేసుకుని వెళ్తాం."

"లెక్కలు ఈగలకు చెప్పండి, వింటాయేమో."

అమ్మ మధ్యలోకి వచ్చింది. "ఇద్దరూ ముందు తినండి. అమ్మాయి అడిగినదానికి జవాబు చెప్పండి. అమ్మేస్తే అదేం చేయాలి?"

నాన్న లేచాడు. చేయి కడుక్కుని వచ్చి, తువాలుతో తుడుచుకుంటూ, అక్క వైపు చూడకుండా అన్నాడు. "ఒక్కసారి చూద్దాం. పెట్టెలన్నీ ప్రాణాలతో చేరితే అవి నీవి. ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఒక్కటి పోయినా మిగిలినవి ఆయనకిచ్చేస్తాను. నా కళ్లముందు ఒక్కోటీ చావడం చూడలేను."

"సరే" అంది అక్క.

*

బావ పెట్టెల్ని తూకం వేయించాడు. అంత బరువు ఇసుకను బస్తాల్లో నింపించి ట్రెయిలరులో వరసగా పరిపించాడు. నింపింది, పరిచింది నేను.

"పెట్టెలే ఎక్కించి చూస్తే పోయేదిగా బావా?"

"ఒరేయ్ బామ్మర్దీ, దారిలో ఆగిపోతే ఇసుక ఏడవదు. మీ అక్క ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే నేను నీ గదిలో పడుకోవాలి. నీకు సమ్మతమేనా?"

"మోస్తానులే."

ఆదివారం ముగ్గురం బయల్దేరాం. చేలు ఎంత దూరమో అంత దూరం వచ్చేలా, కొండ ఎక్కి దిగి, తిరిగి ఇంటికి వచ్చాం. ఎక్కడా ఆగలేదు. బ్యాటరీలో పద్దెనిమిది శాతం మిగిలింది. నాన్న వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఎంత మిగిలింది?"

"పద్దెనిమిది" అంది అక్క.

"ఇసుక బతికిందా?"

"బతికింది మామయ్యా" అన్నాడు బావ.

"సరే మరి" అని లోపలికి వెళ్లిపోయాడు.

వెళ్లాల్సిన రోజుకు ముందు సాయంత్రం, మేతకు వెళ్లిన ఈగలన్నీ తిరిగొచ్చాక, పెట్టెల గుమ్మాలు మూశాం. గుమ్మం అంటే పెట్టె అడుగున ఉండే చీలిక. ఈగలు వచ్చిపోయే దారి అది. అందులో స్పాంజి ముక్కలు కుక్కాలి. పైన మూతలు తీసి, గాలి ఆడడానికి జాలీ చట్రాలు బిగించాలి. ఇరవై నాలుగు పెట్టెల్నీ ట్రెయిలరులో మూడు వరసల ఎత్తు పేర్చి పట్టీలతో కట్టాం. నాన్న ప్రతి పట్టీనీ లాగి చూశాడు. రెండింటిని విప్పి మళ్లీ కట్టాడు.

చీకటి విడిపోయే వేళకు మేం కారు దగ్గరికి వెళ్లేసరికి నాన్న ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"మీరు రానన్నారు కదా మామయ్యా" అన్నాడు బావ.

"నా ఈగలు వెళ్తుంటే ఇంట్లో కూర్చుని ఏం చేయను?"

"మీ బరువు నా లెక్కలో లేదు."

"నా బరువు మీ లెక్కలో ఎప్పుడుంది అల్లుడుగారూ?"

"ఎండెక్కుతుంది, కదలండి" అంది అమ్మ గేటు తీస్తూ. "చేరాక ఫోన్ చేయండి. చేరకపోయినా చేయండి."

మొదటి గంటంతా ఎవరూ తెర మీది బ్యాటరీ అంకె వైపు చూడలేదు. చూడనట్టు కూర్చున్నాం. దారి చదునుగా ఉంది. కారులో ఇంజను చప్పుడు లేదు కాబట్టి వెనక పెట్టెల రొద వినబడింది. వ్యానులో అది ఎప్పుడూ వినబడేది కాదట. నాన్న తల కొంచెం పక్కకు వాల్చి వింటున్నాడు. "బాగున్నాయి" అన్నాడు ఒకసారి, ఎవరితోనూ కాకుండా.

నది వంతెన దాటాక అక్క నడుపుతూనే బావను అడిగింది. "మాస్టారూ, ఇక్కడికి ఎంత ఉండాలి?"

"డెబ్బై అయిదు."

"అరవై ఉంది."

బావ ముందుకు వంగి చూశాడు. "ఏసీ ఆపు."

"ఎప్పుడో ఆపేశాను."

"అద్దాలు ఎత్తండి అందరూ. స్పీడు తగ్గించు. ఫోను ఛార్జింగ్‌లోంచి తీసెయ్ రా."

"ఇంకేం ఆపాలి? ఊపిరా?" అన్నాడు నాన్న.

అద్దాలు ఎత్తాం. నలుగురికీ చెమటలు పట్టాయి. అంకె మాత్రం దిగుతూనే ఉంది, నలభై అయిదుకు వచ్చింది. బావ కొంతసేపు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్లు ఆనించి, వెనక అద్దంలోంచి ట్రెయిలరును చూశాడు. చూసి చూసి మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాడు.

"బరువు లెక్కేశాను" అన్నాడు. "ఎత్తు లెక్కేయలేదు."

"అంటే?" అంది అక్క.

"ఇసుకను నేలబారుగా పరిచాం. పెట్టెలు కారు కంటే మూరెడు ఎత్తున్నాయి. ఎదురుగాలంతా వాటికే కొడుతోంది. మనం బరువు లాగడం లేదు, ఒక గోడను లాక్కెళ్తున్నాం." తల కొట్టుకున్నాడు. "స్కూల్లో ఎవడైనా ఈ తప్పు చేస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి."

నాన్న ఏదో అంటాడని ముగ్గురం ఎదురుచూశాం. ఆయన మళ్లీ తల వాల్చి పెట్టెల రొద విన్నాడు.

"చేలకు చేరతామా?" అంది అక్క.

"చేరం."

"వెనక్కి?"

"ఇంటికీ చేరం. దారిలో ఛార్జింగ్ స్టేషను ఒకటుంది. అక్కడిదాకా వెళ్తాం. అక్కడ గంటా గంటన్నర పెట్టాలి."

పెట్రోలు బండి అయితే ఆ రోజు మేం ఆగేవాళ్లం కాదు. ఈ మాట నాన్న అనలేదు. అనకుండానే అందరికీ తెలుసు.

*

స్టేషను మేం చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. రేకుల కప్పు కింద నాలుగు ఛార్జర్లు, పక్కన క్యాంటీను, వెనక పశువుల మేత కోసం వేసిన లూసర్న్ చేను. మూడు ఛార్జర్ల దగ్గర కార్లున్నాయి. నాలుగోది ఖాళీగా ఉంది కానీ ట్రెయిలరుతో లోపలికి పట్టదు. ట్రెయిలరు విప్పి, నలుగురం నెట్టి, క్యాంటీను వెనక చెట్ల కిందికి చేర్చాం. అక్క కారును వెనక్కి పెట్టి ప్లగ్గు తగిలించి పరుగెత్తుకుంటూ వచ్చింది.

అప్పటికే పెట్టెల శబ్దం మారింది. దారిలో ఫ్యాను తిరిగినట్టున్నది ఇప్పుడు వాన దగ్గరపడుతున్నట్టు ఉంది. ఈగలు పైకి వచ్చి జాలీలకు అంటుకున్నాయి. జాలీ కనబడటం లేదు, ఈగలే కనబడుతున్నాయి. నేను స్ప్రే పంపుతో జాలీల మీద నీళ్లు కొడుతున్నాను. కొట్టిన నీళ్లు కొట్టినట్టే ఆరిపోతున్నాయి.

క్యాంటీను నడిపే ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంటయ్యా ఇవి?"

"తేనెటీగలండీ" అన్నాను.

"ఎన్ని?"

బావ నోరు తెరిచాడు. అక్క అతని చేయి పట్టుకుని ఆపింది. "కొంచెం ఎక్కువేనండీ" అంది.

ఛార్జరు దగ్గరున్న ఒక కారు అద్దాలు పైకి లేచాయి. తర్వాత రెండోది. మూడో కారాయన, కళ్లద్దాలు పెట్టుకున్నాయన, ప్లగ్గు పీకాలో ఉంచాలో తేల్చుకోలేక కారు చుట్టూ తిరుగుతున్నాడు.

నాన్న పై వరసలో ఒక పెట్టెకు చెవి ఆనించాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకో పెట్టెకు ఆనించాడు. నిటారుగా నిలబడ్డాక ఆయన మొహం నాకు నచ్చలేదు.

"గంటన్నర ఆగవు" అన్నాడు. "అరగంట కూడా ఆగవు."

"టోపీ ఆయన లారీ పిలిపిద్దామా మామయ్యా?" అన్నాడు బావ.

"ఎప్పటికి వస్తుంది?"

బావ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

అక్క మా మాటలు వినడం లేదు. చేను వైపు చూస్తోంది. లూసర్న్ కోతకు రాలేదు, ఊదారంగు పూత మీద ఉంది. క్యాంటీను ఆవిడను అడిగింది. "ఆ చేను ఎవరిదండీ?"

"మా తమ్ముడిది. ఎందుకు?"

"సాయంత్రం దాకా గట్టు మీద ఈ పెట్టెలు పెట్టుకుంటాం. పూతకు మంచిదే. మీ వైపు రాకుండా చూసుకుంటాం."

"కుట్టవా?"

"వాటి దారికి అడ్డం నిలబడకపోతే కుట్టవు."

ఆవిడ గరిటె కిందికి దించింది. "కుక్కల్ని రానివ్వొద్దని నాకు చెప్పారు. ఈగల మాట ఎవరూ చెప్పలేదు. పెట్టుకోండి. పంచదార డబ్బాల మీద మూతలు పెడతానుండండి."

అక్క మా వైపు తిరిగింది. "దించుదాం. గుమ్మాలు తెరుద్దాం."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. తెరిస్తే ఈగలన్నీ మళ్లీ లోపలికి చేరేది సాయంత్రానికే. అన్నీ చేరేదాకా మేం కదలకూడదు. అంటే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆపినట్టు. నాన్న ఇన్నేళ్లలో దారి మధ్యలో ఒక్క గుమ్మం కూడా తెరవలేదు.

నేను ఆయన వైపు చూశాను. బావా చూశాడు. నాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. పట్టీ విప్పి, మొదటి పెట్టెను ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టమని నాకు సైగ చేశాడు. గట్టు దాకా మోసుకెళ్లాక ఆగి అక్కను అడిగాడు.

"ఎటు తిప్పి పెట్టమంటావ్?"

"గుమ్మాలు చేను వైపు నాన్నా. కార్లకు వీపు."

"సరే."

ఇరవై నాలుగూ దించాం. అక్క ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా రాజేసి ఒక్కో గుమ్మం దగ్గర రెండు ఊదులు ఊది, స్పాంజి లాగి పక్కకు జరిగింది. మొదటి పెట్టెలోంచి ఈగలు నీళ్లు ఒలికినట్టు బయటికొచ్చాయి. గాల్లో లేచి, పెట్టె వైపే మొహం పెట్టి అటూ ఇటూ ఊగుతూ ఆ చోటును చూసుకున్నాయి. తర్వాత చేను మీదికి పోయాయి. చివరి పెట్టె తెరిచేసరికి మొదటి పెట్టె శబ్దం తగ్గింది.

బావ చెట్టు కింద కూలబడ్డాడు. "కారు ఛార్జింగ్ ఎంతకొచ్చిందో చూసి రా రా."

"ఇప్పుడు ఎంతైతే ఏంటి బావా? సాయంత్రం దాకా ఇక్కడేగా."

"చూడరా. ఒక అంకె అయినా పైకి వెళ్తోందని చెబితే నాకు శాంతి."

*

పగలంతా అక్కడే గడిపాం. అమ్మకు ఫోన్ చేశాను. "ఆగారా? మీ నాన్న ఆగారా?" అంది. "ఫోన్ ఆయనకివ్వు." నాన్న ఫోన్ తీసుకుని దూరంగా వెళ్లి మాట్లాడాడు. మధ్యలో ఒకసారి, "నీకైతే ఆపలేదు, నిజమే" అనడం వినబడింది.

కళ్లద్దాలాయన కారులోంచి దిగి మా దగ్గరికి వచ్చాడు. ఆయనదీ కరెంటు కారే. చాలా దూరం వెళ్లాలట. "ఏసీ వేస్తే అంకె పడిపోతుంది, వేయకపోతే మా ఆవిడ మాట పడాలి. పెట్రోలు కారు అమ్మొద్దని ఆవిడ ముందే చెప్పింది" అన్నాడు.

కారులోంచి గొంతు వినబడింది. "ఇప్పటికైనా నలుగురిలో ఒప్పుకున్నారు. సంతోషం."

నాన్న ఆయన వైపు జరిగాడు. "పెట్రోలు బండి నడిపినవాణ్ణి, చెబుతున్నాను. దూరం వెళ్లాలంటే దాన్ని మించింది లేదు."

"అంతేనంటారా?"

"నింపితే చాలు, ఇంక తలెత్తి చూడక్కర్లేదు." నాన్న చేను వైపు చూశాడు. "ఈ దారిలో ఇన్నేళ్లు తిరిగాను. ఇక్కడ లూసర్న్ వేస్తారని నాకు తెలీదు."

కళ్లద్దాలాయనకు ఆ మాట ఏ పక్షమో అర్థం కాలేదు. తలూపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తిరిగాక నాన్న గట్టు దగ్గరికి వెళ్లి, ఒక పెట్టె పక్కన చతికిలపడి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. నడుం నొప్పి ఉన్నవాడు కూర్చునే తీరు కాదది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఈగలు చేలోంచి వచ్చి గుమ్మం పలక మీద వాలుతున్నాయి. కాళ్లకు పుప్పొడి ముద్దలున్నాయి.

"చూడు, ఎలా మోసుకొస్తున్నాయో" అన్నాడు. "దారిలో అన్నం పెట్టొచ్చని నాకు తట్టలేదు."

క్యాంటీను ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. "మీ ఈగలు నా కుళాయి దగ్గర క్యూ కట్టాయి పెద్దాయనా. అక్కడ గిన్నెలు కడగనివ్వడం లేదు."

"నేను కడుగుతానమ్మా."

"వద్దులే, వాళ్లనే తాగనీ. గిన్నెలెక్కడికి పోతాయి?"

పొద్దు వాలాక ఈగలన్నీ చేరాయి. గుమ్మాలు మూశాం. ఈసారి బావ పెట్టెల్ని రెండు వరసలే పేర్చాడు. మిగిలిన ఎనిమిదింటినీ కారు వెనక సీటు మడిచి, దుప్పటి పరిచి, లోపల పెట్టాం. నేనూ బావా ముందు సీట్లో ఇరుక్కున్నాం. నాన్న పెట్టెల పక్కన ముడుచుకుని కూర్చున్నాడు.

"ఒక్క ఈగ బయటికొచ్చినా నేను దూకేస్తాను" అన్నాడు బావ.

"డోరు లాక్ చేశాను" అంది అక్క.

అద్దాలు దించుకుని వెళ్లాం. చల్లబడింది. అంకె నెమ్మదిగా దిగింది. భోజనాల వేళకు చేలు చేరాం. ఇరవై మూడు శాతం మిగిలింది.

పొద్దున్నే అక్క పెట్టెలు ఒక్కొక్కటి తెరిచి చూసింది. నాన్న చేతిలో పొగడబ్బా. పదకొండో పెట్టెలో ఒక పట్టు జారి ఉంది. తేనె అడుగుకు కారింది. అక్క జారిన ముక్కను తీసి నాకిచ్చి, చట్రాలు ఒక్కోటి ఎత్తి రెండువైపులా చూడటం మొదలుపెట్టింది. రాణి కనబడలేదు. మళ్లీ మొదటి చట్రం నుంచి చూసింది. నాన్న పొగ ఊదడం మాని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. బావ నా భుజం పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

చివరి చట్రం అడుగు అంచున, మిగతా ఈగల మధ్య, పొడుగ్గా, నెమ్మదిగా నడుస్తూ కనబడింది.

"ఉంది" అంది అక్క.

నాన్న ముక్కు మీది చెమట తుడుచుకున్నాడు. "సరే, మూసెయ్. ఎండ తగలనీకు." ఇరవై నాలుగూ చూడటం అయ్యాక పొగడబ్బాను అక్క చేతికిచ్చి, నీళ్లు తాగడానికి షెడ్డు వైపు వెళ్లాడు. ఆ సాయంత్రం టోపీ ఆయనకు ఫోన్ చేసి, లారీ పంపనక్కర్లేదని చెప్పాడు. పెట్టెలెవరివో కూడా చెప్పాడు.

*

పూత ఆ ఏడాది నిండుగా వచ్చింది. నెలకు పైగా చేల దగ్గర రేకుల షెడ్డులో ఉన్నాం. స్కూలు తెరవగానే బావ బస్సెక్కి వెళ్లిపోయి, సెలవు దొరికినప్పుడల్లా వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ట్రెయిలరును ఏదో ఒకటి చేశాడు. చక్రాలు మార్పించాడు, అడుగు కిందికి దింపించాడు, ముందువైపు ఏటవాలుగా రేకు కొట్టించాడు. "గోడ కాదు ఇప్పుడు, పడవ" అన్నాడు. పెట్టెల్ని ఇంటికి రెండు విడతలుగా తీసుకెళ్లాలని, రెండు సార్లూ లూసర్న్ చేను దగ్గర ఆగాలని అక్క నిర్ణయించింది. క్యాంటీను ఆవిడకు తనే ఫోన్ చేసింది. "ఈసారి మా తమ్ముడు ఇంకో చేను కూడా చూపిస్తానంటున్నాడు. కుళాయి కూడా వేరే పెట్టించాను" అందట.

తిరుగు ప్రయాణం మొదటి విడతకు బయల్దేరేటప్పుడు నాన్న ముందు సీటు తలుపు తెరిచి నన్ను ఎక్కమన్నాడు. తను వెనక కూర్చున్నాడు. బావ స్కూల్లో ఉన్నాడు. అక్క నడిపింది. తెల్లవారుతోంది, దారిలో బండ్లు లేవు. కొండ ఎక్కుతుంటే ఎంత శాతం ఉందో అక్క చెప్పింది. నేను విని ఊరుకున్నాను. నాన్న వెనకనుంచి ఏమీ అడగలేదు.

కొండ దిగాక తిరిగి చూశాను. తల సీటుకు ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయన చెవి వెనకనే, అద్దం అవతల, పెట్టెలు ఒకే తీరుగా రొద పెడుతున్నాయి.

స్టేషను దగ్గర అక్క కారును చెట్ల కిందికి తిప్పి నెమ్మదిగా ఆపింది. చేను మళ్లీ పూసి ఉంది. క్యాంటీను ఆవిడ గుమ్మంలోంచి చేయి ఊపింది.

"నాన్నను లేపనా?" అన్నాను.

అక్క తలుపు చప్పుడు కాకుండా తీసి, దిగి, చొక్కా చేతులు మడుచుకుంది.

"పడుకోనీరా. గుమ్మాలు మనం తీద్దాం."